వివృతమా, సంవృతమా, వివిక్తమా: మూడు పాత్రలు, ఒక కాటాతో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

ఇంటర్ మొదటి ఏడాదిలో ఉష్ణగతిక శాస్త్రం మొదలవగానే మూడు వ్యవస్థల నిర్వచనాలు వస్తాయి. మూత లేని గిన్నె వివృతం (ఓపెన్), మూత బిగించిన డబ్బా సంవృతం (క్లోజ్డ్), థర్మాస్ ఫ్లాస్కు వివిక్తం (ఐసొలేటెడ్) అని కంఠతా పట్టేస్తారు. ఆ తర్వాత ప్రశ్నలో కుక్కర్ కనిపిస్తే కలం ఆగిపోతుంది. కుక్కర్‌కు మూత ఉంది, కానీ విజిల్ వస్తుంది. మరి ఏ రకం?

వ్యవస్థ రకం వస్తువు మీద ముద్ర వేసి ఉండదు. మీరు సరిహద్దు ఎక్కడ గీశారు, ఎంతసేపు చూశారు, ఎంత కచ్చితంగా కొలిచారు అన్న మూడింటిని బట్టి అది తేలుతుంది. విజయవాడలోనో గుంటూరులోనో మామూలు వంటింట్లో రెండు గంటల్లో ఈ సంగతి అంకెలతో సహా చూసుకోవచ్చు.

కావలసినవి

వెడల్పాటి స్టీలు గిన్నె ఒకటి, నోటి వ్యాసం 18 సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది. మూతలో సిలికాన్ రింగు ఉండి గట్టిగా బిగుసుకునే స్టీలు డబ్బా ఒకటి, 800 మిల్లీలీటర్లు పట్టేది. అర లీటరు దాటి పట్టే స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కు ఒకటి. ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ వంటింటి కాటా. 5 కిలోల వరకు తూగేది సరిపోతుంది. వీటితో పాటు ఒక చెక్క పలక, పొడి గుడ్డ, గరాటు, టైమ్ చూడటానికి ఫోను.

థర్మామీటర్ దగ్గర పొరపాటు చేయకండి. జ్వరం చూసేది పనికిరాదు. అది 42 డిగ్రీల దాకానే కొలుస్తుంది, గాజుదైతే వేడి నీళ్లలో పగిలిపోతుంది. 110 డిగ్రీల దాకా ఉన్న ల్యాబ్ థర్మామీటర్ గానీ, వంటకు వాడే పుల్ల ఉన్న డిజిటల్‌ది గానీ తీసుకోండి. గాజుది కొనేటట్లయితే పాదరసం ఉన్నది వద్దు, ఎర్ర ద్రవం ఉన్నది అడగండి. నుదుటికి గురిపెట్టే తుపాకీ రకం కూడా వద్దు. మెరిసే స్టీలు తన వేడిని చాలా తక్కువగా వికిరణం చేస్తుంది కాబట్టి దాని రీడింగు అసలు ఉష్ణోగ్రత కంటే బాగా తక్కువ వస్తుంది.

సరిహద్దు గీయడం

నీళ్లు ముట్టుకోకముందే నోట్‌బుక్ తీయండి. మూడు పాత్రల బొమ్మలు వేసి, ఒక్కోదాని చుట్టూ చుక్కల గీత గీయండి. గీత లోపలిది వ్యవస్థ, బయటిదంతా పరిసరాలు. కింద ఒక వాక్యం రాయండి. గిన్నెకు: ‘నా వ్యవస్థ గిన్నెలోని నీళ్లు మాత్రమే.’ డబ్బాకు, ఫ్లాస్కుకు: ‘మూత లోపలున్న నీళ్లు, నీటి ఆవిరి, గాలి, మూడూ కలిపి నా వ్యవస్థ.’

డబ్బా విషయంలో ఇంత పట్టింపు ఎందుకంటే, ‘డబ్బాలోని నీళ్లు’ అని మాత్రమే రాస్తే మీ వ్యవస్థ వివృతం అయిపోతుంది. ద్రవ నీటి నుంచి కొంత ఆవిరి పైనున్న ఖాళీలోకి వెళ్తుంది, తిరిగి నీరవుతుంది. అంటే మీరు గీసిన గీతను పదార్థం దాటుతోంది. కాటాకు ఆ తేడా తెలియదు. 66 డిగ్రీల దగ్గర 300 మిల్లీలీటర్ల ఖాళీలో పట్టే ఆవిరి దాదాపు 0.05 గ్రాము. కాటా చూడలేకపోయినా సిద్ధాంతం చూస్తుంది.

గీత గీశాక అడగవలసినవి రెండే ప్రశ్నలు. పదార్థం గీతను దాటుతోందా? శక్తి, అంటే ఉష్ణం గానీ పని గానీ, గీతను దాటుతోందా? రెండూ దాటితే వివృత వ్యవస్థ. శక్తి మాత్రమే దాటితే సంవృత వ్యవస్థ. రెండూ దాటకపోతే వివిక్త వ్యవస్థ.

కొలత

ఫ్యాను ఆపండి. గాలి తగిలితే కాటా అంకె నిలవదు, గిన్నెలో ఆవిరయ్యే వేగమూ పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత రాసుకోండి. కాటా మీద చెక్క పలక పెట్టి సున్నా చేయండి. వేడి పాత్రను నేరుగా కాటా మీద పెడితే లోపలి సెన్సార్ వేడెక్కి అంకె మెల్లగా జరుగుతూ పోతుంది. నీళ్లు తగ్గలేదు గానీ కాటా తగ్గినట్టు చూపిస్తుంది. ఈ ప్రయోగంలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ఖాళీ పాత్రలు మూడింటినీ మూతలతో సహా తూచి రాసుకోండి. ఫ్లాస్కులో ముందుగా వేడి నీళ్లు పోసి, మూత బిగించి అయిదు నిమిషాలు ఉంచి పారబోయండి. ఇది మానేస్తే లోపలి స్టీలు గోడ చల్లగా ఉండి, మీ 80 డిగ్రీల నీళ్ల నుంచి రెండు డిగ్రీల దాకా లాగేస్తుంది. చివరికి ‘ఫ్లాస్కు కూడా వేడి వదిలేసింది’ అని తప్పుడు ముగింపుకు వస్తారు.

రెండు లీటర్ల నీళ్లు మరిగించి దించండి. 82 డిగ్రీలకు చల్లారాక ఒక్కో పాత్రలో 500 గ్రాముల చొప్పున పోయండి. ఫ్లాస్కుకు గరాటు వాడండి. పోసేటప్పుడు కొంత వేడి పోతుంది కాబట్టి 80 దగ్గరికి వస్తుంది. మూడింట్లోనూ ఉష్ణోగ్రత, మొత్తం బరువు రాసుకుని, డబ్బాకూ ఫ్లాస్కుకూ మూతలు బిగించండి. డబ్బాను ఊపకండి. వేడి నీళ్లను ఊపితే లోపలి గాలి ఒక్కసారిగా వేడెక్కి, ఆవిరి పెరిగి, మూత ఎగిరి చేతులు కాలే ప్రమాదం ఉంది. మూత బిగించిన డబ్బాను పొయ్యి మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. కుక్కర్‌కు ఉన్నట్టు దానికి ఆవిరి పోయే దారి ఉండదు, పేలుతుంది.

ఇక ముప్పై నిమిషాలు దేన్నీ ముట్టుకోవద్దు. మధ్యలో ‘ఎంతైందో చూద్దాం’ అని ఫ్లాస్కు మూత తీస్తే ఆ క్షణాన అది వివృత వ్యవస్థ అయిపోతుంది. ఆవిరి పోతుంది, లెక్క పోతుంది. బరువు చూడాలంటే మూత తీయక్కర్లేదు. ఉష్ణోగ్రత మాత్రం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిస్తే చాలు.

అంకెలు చెప్పే మాట

లెక్క ఎలా వేయాలో చూపడానికి ఇలా వచ్చిందనుకుందాం. గది 32 డిగ్రీలు. గిన్నె 80 నుంచి 46కు దిగింది, బరువు 21 గ్రాములు తగ్గింది. డబ్బా 80 నుంచి 66కు దిగింది, బరువు మారలేదు. ఫ్లాస్కు 79 దగ్గర ఉంది, బరువు మారలేదు. పాత్ర వెడల్పును, గాలిలో తేమను బట్టి మీ అంకెలు వేరుగా ఉంటాయి గానీ వరుస ఇదే ఉండాలి.

నీటి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన ఉష్ణం, 4.18 జౌళ్లు. చల్లారేటప్పుడు అంతే వదులుతుంది. గిన్నె కోల్పోయినది 500 × 4.18 × 34, అంటే దాదాపు 71 కిలోజౌళ్లు. డబ్బా కోల్పోయినది 500 × 4.18 × 14, సుమారు 29 కిలోజౌళ్లు. ఫ్లాస్కు రెండు కిలోజౌళ్లకు కాస్త ఎక్కువ.

గిన్నె 71లో పదార్థంతో పాటు వెళ్లింది ఎంత? ఈ ఉష్ణోగ్రతల్లో ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.35 కిలోజౌళ్లు కావాలి. 100 డిగ్రీల దగ్గర 2.26 అని పుస్తకంలో ఉంటుంది. చల్లటి నీటికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. 21 × 2.35 అంటే 49 కిలోజౌళ్లు. అంటే గిన్నె పోగొట్టుకున్న శక్తిలో మూడింట రెండొంతులు ఆ 21 గ్రాముల ఆవిరి మోసుకుపోయింది. మిగిలిన 22 మాత్రమే గోడల గుండా, పైభాగం నుంచి ఉష్ణంగా పోయింది. డబ్బా ఉష్ణంగా వదిలిన 29 కంటే ఇది తక్కువే, ఎందుకంటే గిన్నె త్వరగా చల్లబడి గదికీ దానికీ తేడా తగ్గిపోయింది. వేడి పాలు చల్లారాలంటే వెడల్పాటి పళ్లెంలో పోసేది ఇందుకే. వివృత వ్యవస్థలో పదార్థమే శక్తిని మోసే బండి. ‘పదార్థం, శక్తి రెండూ మారతాయి’ అని విడివిడిగా చదివేవాళ్లకు ఈ లంకె కనబడదు.

డబ్బా చల్లారాక మూత తెరవబోతే గట్టిగా పట్టుకుని ఉంటుంది. లోపలి ఆవిరి తిరిగి నీరైపోయి పీడనం తగ్గింది. 80 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 47 కిలోపాస్కళ్లు, 50 దగ్గర 12 మాత్రమే. మూత లోపలికి లాగబడిందంటే బయటి గాలి లోపలికి రాలేదు, మీ డబ్బా నిజంగా సంవృతంగానే ఉంది. సులువుగా ఊడివచ్చిందంటే రింగు ఎక్కడో వదులుగా ఉంది. రింగు కడిగి, తడిపి మళ్లీ బిగించి చేయండి.

ఫ్లాస్కు నిజంగా వివిక్తమేనా?

నిఖార్సయిన వివిక్త వ్యవస్థ మన చేతిలో ఉండదు. 1892లో జేమ్స్ దేవార్ రూపొందించిన రెండు గోడల పాత్రే ఈ ఫ్లాస్కుకు మూలం. గోడల మధ్య గాలి తీసేయడంతో వహనం, సంవహనం దాదాపు ఆగుతాయి, మెరిసే పూత వికిరణాన్ని తగ్గిస్తుంది. అయినా మెడ దగ్గర, మూత గుండా వేడి జారుతూనే ఉంటుంది. ముప్పై నిమిషాలకు, ఒక డిగ్రీ కచ్చితత్వానికి మీరు దాన్ని వివిక్తం అనవచ్చు. రాత్రి పది గంటలకు పోసి పొద్దున్న ఆరింటికి కొలవండి, పది డిగ్రీలో ఇంకా ఎక్కువో దిగి ఉంటుంది. ఎనిమిది గంటల లెక్కకు అదే ఫ్లాస్కు సంవృత వ్యవస్థ. జవాబు రాసేటప్పుడు ‘దాదాపు వివిక్తం’ అని రాయండి, ఆ ‘దాదాపు’కు విలువ ఉంది.

చల్లటి నీళ్లతో తిరగేసి చూడండి

ఈ భాగం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, కృష్ణా తీరంలో తేమ గాలి ఊపిరాడనివ్వనప్పుడు బాగా పండుతుంది. డబ్బాలో ఐసు, నీళ్లు కలిపి 500 గ్రాములు వేసి, మూత బిగించి తూచండి. అరగంట తర్వాత మళ్లీ తూచండి. బరువు నాలుగైదు గ్రాములు పెరిగి ఉంటుంది!

సంవృత వ్యవస్థ బరువు ఎలా పెరిగింది? పెరగలేదు. డబ్బా బయట పట్టిన చెమట అది, గాలిలోని నీరు. మీ చుక్కల గీత మూత లోపలే ఉంది కాబట్టి ఆ చుక్కలు పరిసరాలకు చెందినవి. గుడ్డతో బాగా తుడిచి తూచండి, మొదటి అంకె తిరిగి వస్తుంది. గీత ముందుగా గీయకుండా తూచినవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

ఆ చెమట బరువు తక్కువే అయినా చేసిన పని తక్కువ కాదు. నాలుగు గ్రాముల ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 10 కిలోజౌళ్లు వదులుతుంది. గ్రాము ఐసు కరగడానికి 0.334 కిలోజౌళ్లు చాలు. ఆ వేడంతా లోపలికి వెళ్తే దాదాపు 30 గ్రాముల ఐసు కరుగుతుంది. పదార్థం గీత బయటే ఆగింది, శక్తి మాత్రం గీత దాటి లోపలికి వచ్చింది. సంవృత వ్యవస్థకు ఇంతకంటే చక్కటి ఉదాహరణ దొరకడం కష్టం.

మే నెలలో మట్టి కుండతో చేస్తే కథ తిరగబడుతుంది. కుండ గోడకు సన్నటి రంధ్రాలుంటాయి, మూత పెట్టినా నీరు గోడ గుండా చెమ్మగిల్లి ఆవిరవుతుంది. బరువు తగ్గుతుంది, నీరు చల్లబడుతుంది. మూత ఉన్నంత మాత్రాన సంవృతం కాదనడానికి కుండే సాక్ష్యం. వడగాలి పొడిగా వీచేటప్పుడు బాగా చల్లబరుస్తుంది, తేమ ఎక్కువైన రోజుల్లో అదే కుండ అంతగా పనిచేయదు.

సంవృతం అంటే కదలని గోడ కాదు

20 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, తీసుకోండి. 10 దాకా గాలి లాగి, ముక్కును గట్టిగా మూయండి. 60 డిగ్రీల నీళ్లలో నిమిషం ముంచి, పిస్టన్‌ను వేలితో రెండుసార్లు తట్టండి; రబ్బరు రాపిడికి అది పట్టేసి ఉంటుంది. గది 30 డిగ్రీలైతే, 273 కలిపి కెల్విన్లలో చూస్తే 303 కాస్తా 333 అవుతుంది. పీడనం మారకపోతే గాలి ఘనపరిమాణం కెల్విన్ల నిష్పత్తిలోనే పెరుగుతుంది కాబట్టి అది 11 దగ్గరికి రావాలి. గాలి బయటికి పోలేదు, లోపలికి రాలేదు, గోడ మాత్రం జరిగింది. ఇది సంవృత వ్యవస్థే. ఉష్ణం లోపలికి వచ్చింది, పని బయటికి పోయింది. పిస్టన్ 10 దగ్గరే ఉండిపోతే ముక్కు దగ్గర గాలి కారుతోందని అనుమానించండి.

సైకిల్ పంపు ఇంకో మెలిక చూపిస్తుంది. మూతిని బొటనవేలితో మూసి వేగంగా నొక్కితే లోపలి గాలి వేడెక్కుతుంది. అంత తక్కువ సమయంలో ఉష్ణం బయటికి పోవడానికి వ్యవధి ఉండదు కాబట్టి అది స్థిరోష్ణక ప్రక్రియకు, అంటే ఉష్ణం అటూ ఇటూ దాటని ప్రక్రియకు, దగ్గర. 300 కెల్విన్ల గాలిని సగానికి నొక్కితే, అసలు ఉష్ణమే పోకపోతే, 396 కెల్విన్లకు చేరాలి, అంటే 123 డిగ్రీలు. పంపు లోహం కొంత లాగేసుకుంటుంది కాబట్టి అంత రాదు. ఇక్కడ ఉష్ణం దాటలేదు, అయినా ఇది వివిక్తం కాదు, మీ చెయ్యి పని రూపంలో శక్తిని లోపలికి పంపింది. ‘స్థిరోష్ణకం, వివిక్తం ఒకటే’ అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. వివిక్తం కావాలంటే ఉష్ణమూ ఆగాలి, పనీ ఆగాలి, పదార్థమూ ఆగాలి.

లెక్కల్లో గుర్తుల గురించి ఒక్క మాట. ఫిజిక్స్ పుస్తకంలో వ్యవస్థ చేసే పనిని ధనాత్మకంగా తీసుకుంటారు, అంతర్గత శక్తి మార్పు అంటే ఇచ్చిన ఉష్ణం మైనస్ వ్యవస్థ చేసిన పని. కెమిస్ట్రీలో వ్యవస్థ మీద జరిగిన పని ధనాత్మకం, అందుకే అక్కడ ప్లస్ ఉంటుంది. రెండూ సరైనవే, కలపకూడదు.

కుక్కర్, గ్యాస్ బండ

ఇప్పుడు కుక్కర్. గీత లోపల అన్నీ, అంటే బియ్యం, నీళ్లు, ఆవిరి, గాలి, కలిపి గీయండి. వెయిట్ పెట్టి ఆవిరి పోవడం ఆగినప్పటి నుంచి మొదటి విజిల్ దాకా సంవృతం, ఉష్ణం లోపలికి వస్తోంది. విజిల్ వస్తున్న ఆ కొన్ని సెకన్లు వివృతం. పొయ్యి ఆపి చల్లారేటప్పుడు మళ్లీ సంవృతం, ఈసారి ఉష్ణం బయటికి. ఒకే పాత్ర పావుగంటలో రెండు మూడుసార్లు రకం మారుస్తుంది. వెయిట్ లోపలి పీడనాన్ని బయటికంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువ దాకా ఆపుతుంది, అందుకే లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది. పొయ్యి మీద పెట్టేముందు ఒకసారి, ప్రెషర్ పూర్తిగా దిగి చల్లారాక తుడిచి మరోసారి తూచండి. విజిళ్లతో పోయిన నీరు గ్రాముల్లో తెలుస్తుంది. వెయిట్ ఎత్తి బలవంతంగా ఆవిరి వదలకండి.

14.2 కిలోల గ్యాస్ బండ కూడా ఇంతే. రెగ్యులేటర్ ఆపి ఉంటే సంవృతం, పొయ్యి వెలిగితే వివృతం. టిఫిన్ హోటళ్లలో పెద్ద బర్నర్లకు ఒకే బండ నుంచి వేగంగా గ్యాస్ లాగుతుంటే బండ చల్లబడి చెమట పడుతుంది. లోపలి ద్రవం వాయువు కావడానికి కావలసిన వేడిని బండ గోడ నుంచి, తన నుంచి లాక్కుంటుంది. గిన్నెలో మీరు లెక్కించిన 49 కిలోజౌళ్ల సంగతే ఇక్కడ ఇంకో రూపంలో కనిపిస్తోంది. ఇంట్లో ఎంత గ్యాస్ మిగిలిందో చూడాలంటే బండను తడి గుడ్డతో తుడవండి. ద్రవం ఉన్న భాగం చల్లగా ఉండి ఆలస్యంగా ఆరుతుంది, పైభాగం ముందు ఆరుతుంది. ఆ తేడా గీతే ద్రవ మట్టం.

ఊరి స్థాయిలో అభ్యాసం

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని తీసుకోండి. టర్బైన్ చుట్టూ మాత్రమే గీత గీస్తే ఒకవైపు నుంచి ఆవిరి వస్తుంది, మరోవైపు నుంచి పోతుంది, అది వివృతం. బాయిలర్ గొట్టాలు, టర్బైన్, కండెన్సర్, ఫీడ్ పంపు అన్నిట్లో తిరిగే నీటి చుట్టూ గీస్తే దాదాపు సంవృతం. లీకేజీలకు కొద్దిగా కొత్త నీరు కలుపుతారు కాబట్టి ‘దాదాపు’. బొగ్గు, గాలి, బూడిద, పొగ అన్నీ కలిపి మొత్తం కేంద్రం చుట్టూ గీస్తే మళ్లీ వివృతం.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీతో కూడా ఇలాగే చేయండి. యంత్రంలో తిరిగే అమ్మోనియా సంవృతం. తలుపు తీసి బస్తాలు ఎక్కించేటప్పుడు గది వివృతం, అప్పుడే తేమ గాలి లోపలికి వచ్చి చల్లటి గొట్టాల మీద మంచుగా పేరుకుంటుంది. తలుపు వేసి ఉంటే గది సంవృతానికి దగ్గర, వివిక్తం మాత్రం కాదు, ఎందుకంటే గోడల గుండా ఎండ వేడి వస్తూనే ఉంటుంది, దాన్ని అమ్మోనియా బయటికి మోసుకుపోతూనే ఉంటుంది.

చివరిగా ఒక ప్రశ్న మీకు వదులుతున్నాం. తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆన్‌లో ఉంచారు. గది మొత్తాన్ని గీతలో పెట్టండి. గోడలు ఉష్ణాన్ని అసలు పోనివ్వవనుకోండి. కరెంటు తీగ గీతను దాటి లోపలికి వస్తోందని మరచిపోకుండా, గంట తర్వాత గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా, వ్యవస్థ ఏ రకం అన్నది నోట్‌బుక్‌లో రాయండి. జవాబు చూసుకోవడానికి వంటింట్లోకి వెళ్లి, నడుస్తున్న ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూస్తే చాలు.